ఎడమ మూతకు రవ్వ

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటినాక, ఇంటాయన పోయిన తర్వాత. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు ఒక్కోసారి ఎగిరిపోతాయి. చదివేవాళ్లు దిద్దుకొని చదువుకోవాలి, ఏమీ అనుకోకూడదు. మూర మల్లెలు కట్టేలోపల ఒక వరస కూడా రాయలేను. అందుకే ఇంత కథకు ఒక వానకాలమంతా పట్టింది.

జ్ఞానాంబ పొద్దున లేచి మొహం కడుక్కున్నాక చేసే మొదటి పని కాఫీ పెట్టడం కాదు. గుప్పెడు బొంబాయి రవ్వ గిన్నెలో పోసి, నీళ్లు చల్లి, మూత పెట్టడం. అది తినడానికి కాదు. ఆమె మొగుడు రాజారత్నం మృదంగం వాయిస్తాడు. మృదంగానికి కుడి మూత మీద నల్లటి మచ్చ ఎప్పుడూ ఉంటుంది. ఎడమ మూత వట్టి తోలు. వాయించే ముందు ఆ తోలు నడిమధ్య తడిచేసి, రవ్వ ముద్దను గుండ్రంగా అతికిస్తేనే దానికి లోతు వస్తుంది. రవ్వ లేకపోతే తలుపు తట్టినట్టు మోగుతుంది. ముద్ద పెద్దదైతే శబ్దం కిందికి దిగుతుంది, చిన్నదైతే పైకి లేస్తుంది. గట్టిగా కలిపితే పెళ్లలుగా ఊడుతుంది, పలచగా కలిపితే జారుతుంది. వాయించడం అయ్యాక గీకి పారేస్తారు. తిరుచానూరులో వాళ్లుండే సందులో ఆ గీకిన రవ్వకు అలవాటు పడిన పిచ్చుకలు ఉండేవి.

రవ్వ పిసికేది ఆడదాని పని అని రాజారత్నం పెళ్లయిన కొత్తలోనే తేల్చేశాడు. సత్యవేడులో ఆయన గురువుగారింట్లో కూడా గురువు భార్యే పిసికేదట. పిసకొచ్చు, అతికించొచ్చు, మోగించకూడదు. ఆడది చెయ్యివేసి మోగిస్తే వాద్యానికి మైల అని గురువు చెప్పాడట. అందుకని జ్ఞానాంబ ముద్ద కుదిరిందో లేదో వేలితో నొక్కి చూసేది. తల సగం నెరిసేదాకా ఆ మృదంగాన్ని రోజూ ముట్టుకుంది, ఒక్కసారీ మోగించలేదు.

ముద్ద కుదరకపోతే శిక్ష ఉండేది. మృదంగం శ్రుతి సరిచేయడానికి రాజారత్నం సంచిలో ఒక గుండ్రాయి, జానెడు చింతకట్టె ఉండేవి. ఆ కట్టెతో జ్ఞానాంబ వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. కోపంతో ఊగిపోతూ కొట్టే దెబ్బ కాదు. నిదానంగా, శిష్యుడిని కొట్టినట్టు కొట్టేవాడు. "మా గురువు నన్ను ఇట్లనే కొట్టినాడు. దాంతోనే నాకు విద్య వచ్చింది" అనేవాడు. జ్ఞానాంబకు ఏ విద్యా రాలేదు. కణుపులు కాయలు కాశాయి.

ఆ ఏడు వినాయక చవితి దాటిన వారం, తిరుపతి కొర్లగుంటలో చక్రధర్ అనే అబ్బాయి రాజారత్నాన్ని పిలిపించాడు. మద్రాసులో ఆరు నెలలు పని నేర్చుకొని వచ్చి, ఇంట్లోనే మేడ మీద గదిలో కంప్యూటరు పెట్టుకొని పాటలు రికార్డు చేస్తున్నాడు. అమ్మవారి పాటల క్యాసెట్టు కార్తీక బ్రహ్మోత్సవాలకు అంగళ్లలోకి రావాలి. "ఇది కుదిరితే ముందు వచ్చే క్యాసెట్లన్నిటికీ నువ్వేనన్నా" అని మాటిచ్చాడు. రాజారత్నం ఆ మాట పట్టుకొని సందు సందంతా చెప్పుకొచ్చాడు. హరికథల వెనక, పెళ్లి పందిళ్లలో మైకు అందని మూల కూర్చొని వాయించి విసిగిపోయిన మనిషి. తన చెయ్యి రికార్డులో నిలబడిపోవాలని ఆయనకు ఒకటే ఆశ.

రెండో రోజు సాయంత్రం కొర్లగుంట నుంచి తిరిగొచ్చి, చెప్పులు విడవకుండానే అడిగాడు.

"ఏమ్మే, రవ్వలో ఏమి కలిపినావు?"

"రవ్వలో ఏమి కలిపేది? నీళ్లే."

"ఆ పిల్లోడు ఏమంటా ఉండాడో తెల్సునా? ఎడమ పక్క గుబగుబా అంటా ఉండాదంట. పాటంతా బురదంట. ఇన్నేండ్లు వాయించినోడిది బురదంట."

"ఆయబ్బి మిషన్లో ఏమన్నా..."

"అది కంప్యూటరమ్మే. దానికి పొరపాటు రాదు. నీకొస్తాది. చెయ్యి పెట్టు."

జ్ఞానాంబ చెయ్యి గడప మీద పెట్టింది. రాజారత్నం సంచిలోంచి చింతకట్టె తీసి, ఒక్కో కణుపు మీద ఒక్కోటి కొట్టి, మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. ఎదురుగా పూలంగడిలో ఉన్న చంద్రకాంతమ్మ అది చూసి, తల వంచుకొని మల్లెలు కట్టుకుంది. ఆ సందులో అందరూ చూసి తల వంచుకునేదే.

"రేపు నువ్వు కూడా రా, రవ్వ ఎత్తుకొని" అన్నాడు రాజారత్నం కాళ్లు కడుక్కుంటూ. "ఆడ ఏసీ పెట్టినారు. ఊరికూరికే ఎండిపోతా ఉండాది."

మర్నాడు ఇద్దరూ షేర్ ఆటోలో తిరుపతి వెళ్లారు. మృదంగం ఆయన ఒళ్లో, రవ్వ డబ్బా, గిన్నె, నీళ్ల సీసా ఆమె ఒళ్లో.

చక్రధర్ వాళ్లది వ్యాపారం చేసే కుటుంబం. కింద ఇల్లు, పైన ఆ గది. గది నాలుగు గోడలకూ కోడిగుడ్ల అట్టలు అంటించి ఉన్నాయి, శబ్దం తిరిగి కొట్టకుండా. తలుపుకు లోపలి పక్క కొబ్బరిపీచు పరుపు ఒకటి నిలబెట్టి కట్టారు. చక్రధర్ తల్లి రాఘవమ్మ మెట్లెక్కి వచ్చి జ్ఞానాంబను తలనుంచి కాళ్ల దాకా చూసింది.

"కోడిగుడ్డు వాసన కూడా పడని ఇల్లు మాది. ఇప్పుడు సూడు, నాలుగు గోడలకీ గుడ్ల అట్టలే. మా మామగారి ఫొటో కూడా తీయించేసినాడు" అంది. తర్వాత డబ్బా వైపు చూసి, "అది బండల మీద పెట్టబాకమ్మా, సీమలొస్తాయి. కాగితం పరుచుకో. రవ్వ తినేదానికి గానీ దేనికైనా పూసేదానికని మా ఇంట్లో తెల్దు" అని దిగిపోయింది.

జ్ఞానాంబ తలుపు పక్క మూలలో కాగితం పరిచి కూర్చుంది. గది మధ్యలో తిరిగే కుర్చీలో చక్రధర్. ఎదురుగా కంప్యూటరు, దానికి రెండు పక్కలా రెండు స్పీకరు పెట్టెలు. కిటికీ కింద కీబోర్డు వాయించే మునిప్రసాద్, ఉద్యోగం దొరకని డిగ్రీ పిల్లవాడు. పాడే అమ్మాయి పాడేసి ఎప్పుడో వెళ్లిపోయింది. ఆమె గొంతు కంప్యూటరులో ఉంది. రాజారత్నం చాప మీద కూర్చున్నాడు. జ్ఞానాంబ ఎడమ మూత తడిచేసి, ముద్ద పెట్టి, అంచులు బొటనవేలితో నొక్కి, జరిగింది.

ఆయన వాయించాడు. చక్రధర్ అది రికార్డు చేసి, పాటతో కలిపి మోగించాడు.

"బేసు లేదు" అని ఒక బొత్తాం తిప్పాడు. మళ్లీ విన్నాడు. "యాడుంది బేసు? ఇంకా రావాల" అని ఇంకొంచెం తిప్పాడు.

మూలలో కూర్చున్న జ్ఞానాంబకు ఆ ఎడమ చెయ్యి పక్కటెముకల్లో తగులుతోంది. గిన్నెలో నీళ్లు ప్రతి దెబ్బకూ వణుకుతున్నాయి.

"ఈడికి బాగా వినపడతా ఉండాది, అబ్బీ" అంది మెల్లగా.

చక్రధర్ నవ్వాడు. "కుర్చీలో కూసునేవాడికి వినపడాల కదక్కా, తలుపు కాడ ఉండేవాళ్లకు వినపడితే ఏం లాభం?"

"నీకెందుకమ్మే" అన్నాడు రాజారత్నం.

చిన్న గదుల్లో కింది శబ్దం అంతేనట. మధ్యలో చచ్చిపోయి మూలల్లో పోగు పడుతుందట. అందుకే మధ్యలో కూర్చున్నవాడు అది చాలదనుకొని పెంచుకుంటూ పోతాడు. ఈ సంగతి ఆ రోజు ఆ గదిలో ఎవరికీ తెలియదు.

పాటను క్యాసెట్టుకు ఎక్కించి, అందరూ కిందికి దిగారు. ఇంటి ముందర మునిరత్నం అనే అతని ఆటో ఆగి ఉంటుంది. ఆటోలో వెనక సీటుకు పైన రెండు పెద్ద స్పీకర్లు. క్యాసెట్టు కొనేవాళ్లలో సగం మంది ఆటోవాళ్లే కాబట్టి, చక్రధర్ ముందు అక్కడ పెట్టి వింటాడు. మునిరత్నం బీడీ ఆర్పి, క్యాసెట్టు తోశాడు. ఆటో టాపు గడగడలాడింది.

"ఏమి మునిరత్నం, ఎట్లుండాది?"

మునిరత్నం చెవి గోక్కున్నాడు. "తప్పుగా అనుకోబాకు సామీ. అమ్మోరు నీళ్ల తొట్టిలో మునిగి పాడతా ఉన్నట్టుండాది. గట్టున ఎవురో రోకలేసి దంచతా ఉండారు."

పక్క ఆటోవాళ్లు నవ్వారు. మునిప్రసాద్ కూడా నవ్వాడు. చక్రధర్ మొహం ఎర్రబడింది. రాజారత్నం వైపు తిరిగాడు.

"సూసినావా అన్నా. ఎడమ పక్కే."

రాజారత్నం అక్కడినుంచి జ్ఞానాంబ వైపు తిరిగాడు. "విన్నావా? రోకలంట. దీని చెయ్యి మొద్దప్పా, ఏమి చేసేది. దంచేదానికీ పిసికేదానికీ తేడా తెల్దు. నాకు ఈ పక్క చెడిపొయ్యిందే దీనివల్ల."

మళ్లీ నవ్వారు. వాకిట్లో నిలబడిన రాఘవమ్మ "పోనీలేప్పా, ఆడమనిషి" అంది, నవ్వు ఆపుకోకుండా.

పైకి వెళ్లి చక్రధర్ బేసు తగ్గించాడు. ఈసారి వంటింట్లో రాఘవమ్మ చిన్న టేపురికార్డరులో పెట్టారు. ఎడమ పక్క అసలు లేదు. పెసలు రాలినట్టు కుడి పక్క మాత్రం టకటకా వినబడింది. మళ్లీ పైకి. మళ్లీ ఆటో. మళ్లీ వంటిల్లు. తిరిగిన ప్రతిసారీ ముద్ద మార్చాలని రాజారత్నం అన్నాడు. జ్ఞానాంబ ఉన్న ముద్ద గీకింది, తోలు తుడిచింది, కొత్తది పెట్టింది. చిన్నది పెట్టింది, పెద్దది పెట్టింది. రవ్వను కొంగులో వేసి జల్లించి, మెత్తటిది మాత్రం తీసి పెట్టింది. సాయంత్రానికి ఆమె వేళ్ల కొనలు నాని తెల్లబడి ముడతలు పడ్డాయి. కాయలు కాసిన కణుపుల దగ్గర చర్మం పగిలి, రవ్వ నీళ్లు తగిలినప్పుడల్లా చురుక్కుమంది.

చక్రధర్ కుర్చీలో వెనక్కి వాలి మునిప్రసాద్‌తో అన్నాడు, రాజారత్నం అక్కడ లేనట్టే. "నీ కీబోర్డు బేసూ, ఈయన ఎడమ చెయ్యీ ఒకే తావ నిలబడతా ఉండాయిరా. ఇద్దరూ ఒకేసారి వాకిట్లో దూరబోతే ఎవురూ దూరలేరు. ఒకరు తగ్గాల."

"నన్ను తగ్గమంటావా అన్నా?"

"నువ్వు ఎట్ల చెప్తే అట్ల నొక్కుతావు. ఈయనది అట్ల కాదే. ఒక్కో దెబ్బకు ఒక్కో తోక. పైకిపోయే తోక ఒకటి, కిందికి జారే తోక ఒకటి. దేన్ని పట్టుకొని సరిచేసేది?"

రాజారత్నానికి అది మెప్పులాగా వినబడింది. ముందుకు జరిగాడు. "దాన్నే గుంకీ అంటారప్పా. దెబ్బేసి, మణికట్టుతో తోలు మీద ఇట్ల రాస్తే నాదం మెలి తిరుగుతాది. దానికోసరం పదేండ్లు ఈ మణికట్టు అరగదీసినా."

"బాగుంటాదన్నా" అన్నాడు చక్రధర్ కంప్యూటరు వైపు చూస్తూ. "కచేరీలో."

ఆ పై రోజు పొద్దున చక్రధర్ మంచి ఉత్సాహంగా ఉన్నాడు. రాజారత్నం చాప మీద కూర్చోబోతుంటే ఆపాడు.

"అన్నా, వదిన రవ్వ పెడతా ఉంటాది. నువ్వు పొయ్యి టీ తాగి నిదానంగా రా. ఒరే మునిప్రసాదూ, అన్నను పిల్చుకపో."

వాళ్లిద్దరూ దిగిపోయారు. జ్ఞానాంబ ముద్ద పెట్టి, అంచులు నొక్కి, వేలితో మధ్యలో ఒత్తి చూసింది. కుదిరింది. చేతులు తుడుచుకొని మూలకు జరగబోయింది.

"ఒక దెబ్బ ఎయ్యక్కా. లెవెలు సూసుకోవాల."

"నేనా? వొద్దబ్బీ. మేము మోగించకూడదు."

"మోగించేది కాదక్కా, ఊరికే తట్టేది. డబ్బాలో బియ్యం ఎంతుండాయో తట్టి సూడవా, అట్ల."

జ్ఞానాంబ తలుపు వైపు చూసింది. పరుపు కట్టిన తలుపు మూసి ఉంది. చక్రధర్ మైకు కొంచెం దగ్గరికి జరిపి, చెయ్యి ఎత్తి, ఊఁ అన్నట్టు దించాడు. ఆమె అరచెయ్యి ఆనించి ఒక దెబ్బ వేసింది.

శబ్దం చేతి నుంచి వచ్చినట్టు అనిపించలేదు ఆమెకు. ఎక్కడో కింద నుంచి వచ్చి, గదిలో నిలబడి, నిదానంగా వెళ్లిపోయింది. ఇన్నేండ్లూ తను వేలితో నొక్కి నొక్కి వదిలేసింది ఇదా అనుకుంది.

"ఇంకొకటి. అట్లనే."

వేసింది. ఇంకొకటి. ఇంకొకటి. దంచే చెయ్యి, రుబ్బే చెయ్యి. వేసినది వేసినట్టు, ఒకేలాగా పడింది.

"సాలక్కా" అన్నాడు చక్రధర్. మొహం వెలిగిపోతోంది. "బ్రహ్మాండంగా ఉండాది. అన్నీ ఒకటే మాదిరి. తోకా లేదు, సంగతీ లేదు. బోడిగా ఉండాది. ఇదే నాకు కావాల్సింది."

అది మెప్పో కాదో ఆమెకు తెలియలేదు. "ఆయనకు చెప్పబాకబ్బీ" అంది.

"నేనెందుకు చెప్తానక్కా." అతను అప్పటికే కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. తెర మీద ఆమె వేసిన దెబ్బ చేపలాగా కనబడింది, తల లావుగా, తోక సన్నంగా. చక్రధర్ తోక కొనను మౌసుతో కోసేశాడు. మిగిలిన చేపను పట్టుకొని పక్కపక్కన వరసగా పేర్చుకుంటూ పోయాడు.

రాజారత్నం తిరిగొచ్చాక చక్రధర్ కొత్త పద్ధతి చెప్పాడు. "ఇప్పుడు కుడి పక్క మాత్రమే వాయించన్నా."

"ఎడమ పక్క?"

"అది వచ్చేసింది. నేను పెట్టుకుంటా."

"మొన్న వాయించిందా?"

"ఆ. నువ్వు కుడి పక్క ఇయ్యి, సాలు."

ఎడమ మూత మీద దుప్పటి మడిచి కప్పారు. పాట మొదలైంది. రాజారత్నం వాయించాడు. రెండు వరసలు కాగానే ఎడమ చెయ్యి దానంతట అదే వెళ్లి దుప్పటి మీద పడింది.

"అన్నా, ఎడం చెయ్యి" అన్నాడు చక్రధర్.

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ పడింది.

"దుప్పటి సప్పుడు మైకులోకి వస్తా ఉండాదన్నా."

మూడోసారి రాజారత్నం ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. పల్లవి తిరిగి వచ్చే చోట అది లేచి వెళ్లింది. చక్రధర్ పాట ఆపి, కుర్చీ తిప్పాడు. గొంతులో కోపం లేదు. పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"అన్నా, ఎడం చెయ్యి తొడ కింద పెట్టుకో."

మునిప్రసాద్ నవ్వు దాచుకోవడానికి కీబోర్డు మీదికి వంగాడు. రాజారత్నం అందరివైపూ ఒకసారి చూసి, కొంచెం పక్కకు ఒరిగి, అరచేతిని తొడ కింద పెట్టుకొని దాని మీద కూర్చున్నాడు. వాయించాడు. పాట పొడుగునా, ఎడమ దెబ్బ పడాల్సిన ప్రతిచోటా ఆయన ఎడమ భుజం ఎగిరిపడుతూనే ఉంది. మూలలో జ్ఞానాంబ అది చూసింది. మొదట జాలి వేసింది. తర్వాత గిన్నె పట్టుకున్న తన వేళ్లు కనబడ్డాయి. జాలి అక్కడే ఆగిపోయింది.

"అయిపొయ్యిందన్నా" అన్నాడు చక్రధర్ మధ్యాహ్నానికల్లా. "కబురు చేస్తా."

ఆటోలో తిరిగి వస్తుంటే రాజారత్నం మృదంగాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. పద్మావతీపురం దాటాక అన్నాడు. "మొన్నటిదే కుదిరిందంట. మొన్న నువ్వు రవ్వ సరిగ్గా పెట్టింటావు."

పెళ్లయినాక ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మంచి మాట అది. జ్ఞానాంబ డబ్బా మూత గట్టిగా బిగించి, రోడ్డు వైపు చూసింది.

కార్తీకంలో క్యాసెట్టు వచ్చింది. తిరుచానూరులో లాడ్జీల ముందర, బొమ్మలంగళ్లలో, ఎక్కడ చూసినా అదే. చంద్రకాంతమ్మ కూడా ఒకటి కొని, పూలబుట్టల పక్కన టేపురికార్డరులో పొద్దస్తమానం వేసేది. మొదటి పాటకు ముందు వేరే ఏ వాద్యమూ లేకుండా ఎడమ దెబ్బలు మాత్రం నాలుగు పడతాయి, నిండుగా, ఒకదాని తర్వాత ఒకటి. ఆ తర్వాతే గొంతు. ఆటోలో విన్నా, చిన్న టేపులో విన్నా ఆ నాలుగూ గుండెకు తగిలేవి.

"అది నా ఎడం చెయ్యే" అని రాజారత్నం లాడ్జీల్లో దిగినవాళ్లకు కూడా చెప్పాడు. అరుగు మీద కూర్చొని, ఆ నాలుగు దెబ్బలు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకునేవాడు. "ఇన్నావామ్మే? చెయ్యంటే అదీ."

"ఇన్నా" అనేది జ్ఞానాంబ.

మరుసటి ఏడు రెండో క్యాసెట్టు వచ్చింది. ఆ పాటలకు ఆయన్ను ఎవరూ పిలవలేదు. కానీ ఆ దెబ్బ ఉంది. కుడి పక్క ఎవరిదో. రాజారత్నం అర్థం కాక కొర్లగుంటకు వెళ్లాడు. చక్రధర్ కూర్చోమని కాఫీ ఇప్పించి, దాచకుండానే చెప్పాడు. ఒక దెబ్బ తీసి కీబోర్డులో పెట్టుకున్నామనీ, మునిప్రసాద్ వేలితో నొక్కితే పలుకుతుందనీ, ఎన్ని పాటలకైనా అదే చాలుననీ.

"అయితే నన్ను పిల్చవా అప్పా?"

"చెయ్యి మా కాడే ఉండాది కదన్నా. మనిషి యాలా?" అన్నాడు చక్రధర్, నవ్వుతూనే.

ఇంటికొచ్చి రాజారత్నం ఆ మాట జ్ఞానాంబకు చెప్పాడు. చెప్పేటప్పుడు కోపం, గర్వం రెండూ ఉన్నాయి. కొన్నాళ్లకు కోపం పోయి గర్వం మిగిలింది. "నా చెయ్యి లేందే వాళ్లకు పాట లేదు" అని అరుగు మీద చెప్పుకునేవాడు.

అప్పుడే భజన బృందం జయరావు వచ్చాడు. బ్రహ్మోత్సవాల్లో అమ్మవారి వాహనం ముందర భజన చేసే బృందం అతనిది. వాళ్ల మృదంగం మనిషి మంచాన పడ్డాడు. క్యాసెట్టులో చెయ్యి మీదేనంట కదా అని వెతుక్కుంటూ వచ్చాడు. రాజారత్నం మృదంగం తెప్పించి, రవ్వ పెట్టించుకొని, ఉన్న విద్యంతా చూపించి వాయించాడు. ఎడమ చెయ్యి మెలికలు తిరిగింది.

జయరావు విని, తల ఒక పక్కకు వంచాడు. "బాగానే ఉండాదప్పా. కానీ క్యాసెట్లో ఉండేంత నిండుగా లేదే. అది నీదేనా?"

"నాదే. ఈమె రవ్వ కుదర్లేదు ఈ పొద్దు. రేపు ఈ యాళకు రా, వినిపిస్తా."

"రేపొస్తా. అదే కావాలబ్బా మాకు. జనం దానికి అలవాటు పడిపొయ్యినారు."

మర్నాడు పొద్దున పిచ్చుకలు దిగకముందే రాజారత్నం చాప వేసుకొని కూర్చున్నాడు. "చంద్రకాంతమ్మా, ఆ టేపు మొదట్నించి పెట్టు" అని అరుగు మీదినుంచి కేకేశాడు. ఆమె పెట్టింది. నాలుగు దెబ్బలు పడ్డాయి. ఆయన నాలుగు వేశాడు. రెండూ ఒకటి కాదు.

"మళ్లీ పెట్టు."

జ్ఞానాంబ ముద్ద మార్చింది. ఆయన వేశాడు. మణికట్టు దానంతట అదే రాసుకుపోయింది, నాదం మెలి తిరిగి పైకి లేచింది. రాయకుండా వేద్దామని చూశాడు. చెయ్యి బిగుసుకుపోయి, దెబ్బ పేలవంగా పడింది. చంద్రకాంతమ్మ టేపు వెనక్కి తిప్పుతూనే ఉంది. ముద్ద పెంచారు, తగ్గించారు. ఎండ గడప దాకా వచ్చింది. రాజారత్నం మొహం మీద చెమట కారుతోంది. తన చెయ్యి తనకే దొరకడం లేదు.

"ఆ పొద్దు పెట్టినట్టు పెట్టమ్మే" అన్నాడు. గొంతు బతిమాలినట్టు ఉంది. ముద్ద పెట్టింది. వేశాడు. కాదు.

ఇక సంచిలోకి చెయ్యి పోనిచ్చి చింతకట్టె తీశాడు.

"కావాలనే చేస్తా ఉండావు నువ్వు. నా చెయ్యి తీసేసింది నువ్వే, ఇంకెవురూ కాదు. పెట్టు చెయ్యి."

జ్ఞానాంబ చేతికంటిన రవ్వ కొంగుతో తుడుచుకుంది. చెయ్యి ముందుకు చాచింది. గడప మీద పెట్టలేదు. మృదంగం ఎడమ మూత మీద ఆనించి, నాలుగు దెబ్బలు వేసింది. నిండుగా, ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ ఒకేలాగా.

ఎదురంగడిలో చంద్రకాంతమ్మ టేపు తనంతట తనే తిరిగిందేమోనని ఉలిక్కిపడి చూసింది. అది ఆగే ఉంది.

రాజారత్నం ఆమె మొహం చూడలేదు. చెయ్యినే చూశాడు. కట్టె ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.

"ఎప్పుడు?" అన్నాడు.

"నువ్వు టీకి పొయ్యినప్పుడు."

కాసేపటికి ఆయన కట్టెను సంచిలో పెట్టాడు. ఎడమ మూత మీది ముద్దను తనే గోటితో గీకాడు. ఎప్పుడూ చేసిన పని కాదు కాబట్టి సగం తోలుకే అంటుకుపోయింది. ఇంతలో పూలు కొనడానికి ఎవరో వచ్చి, పాట పెట్టమ్మా అన్నారు. చంద్రకాంతమ్మ పెట్టింది. క్యాసెట్టు ఒక పక్క పాటలన్నిటిలో, ప్రతి పాట పొడుగునా ఆ దెబ్బ పడుతూనే ఉంది. ఆ పక్క అయిపోయేదాకా రాజారత్నం అక్కడే కూర్చున్నాడు.

జయరావు వచ్చేసరికి మృదంగం గుడ్డసంచిలో ఉంది. ఆయనకు ఒంట్లో బాగలేదని జ్ఞానాంబ చెప్పింది. జయరావు తలుపులోంచి తొంగిచూసి, "అనుకున్నాలే" అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున జ్ఞానాంబ లేచి, మొహం కడుక్కొని, డబ్బాలో మిగిలిన రవ్వంతా బాణలిలో వేసి వేయించింది. పచ్చిమిరపకాయలు, అల్లం వేసి ఉప్మా చేసింది. ఆకులో పెట్టి ఆయన ముందు ఉంచింది.

"ఉప్పు సరిపొయ్యిందా?" అని అడిగింది.

రాజారత్నం తల ఊపాడు. తింటున్నంతసేపూ ఎడమ చేతిని తొడ కింద పెట్టుకొనే ఉన్నాడు.

— పూలంగడి చంద్రకాంతమ్మ, అరవై నాలుగేండ్లు. ఇప్పుడు ఏర్పేడులో చిన్నకూతురింట్లో ఉంటున్నాను.